నాలుగు పక్కలు కొలిస్తే సరిపోదు

మన ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు ఎంతో మీలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 1,072.5 మీటర్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మనదే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ను కూడా దాటింది. ఈ సంగతులు క్విజ్ పోటీల్లో మీరు గడగడా చెబుతుంటే వినడానికి బాగుంటుంది.

మరి ఆ ప్లాట్‌ఫారం వైశాల్యం ఎంత? ఇలా అడిగేసరికి తరగతి మొత్తం చల్లబడిపోతుంది.

వెడల్పు అన్నిచోట్లా ఒకేలా ఉండదు గానీ లెక్క కోసం 10 మీటర్లు అనుకుందాం. అప్పుడు వైశాల్యం 10,725 చదరపు మీటర్లు, అంటే ఒక హెక్టారు కంటే కొంచెం ఎక్కువ. చుట్టుకొలత 2,165 మీటర్లు. ఇప్పుడు అంతే చుట్టుకొలత ఉన్న చదరాన్ని ఊహించుకోండి. ఒక్కో పక్క 541.25 మీటర్లు వస్తుంది. దాని వైశాల్యం 2,92,951 చదరపు మీటర్లు, అంటే 29 హెక్టార్లకు పైనే. రెండింటి చుట్టూ నడిస్తే కాళ్లకు ఒకే నొప్పి. లోపలున్న నేల మాత్రం ఒకదానికంటే ఇంకోటి 27 రెట్లు ఎక్కువ. కాబట్టి చుట్టూ ఎంత ఉందో తెలిసినంత మాత్రాన లోపల ఎంత ఉందో తెలియదు.

లెక్కల పాఠం తెలుగు టీచర్ చెబుతోందేమిటని మీకు అనుమానం రావచ్చు. కారణం ఉంది. మనం పొలాన్ని క్షేత్రం అంటాం. లెక్కల్లో త్రిభుజం, చతురస్రం లాంటి ఆకారాలకూ పాత పుస్తకాల్లో క్షేత్రం అనే పేరు. మీ హిందీ పుస్తకంలోనూ, మీ బెంగాలీ స్నేహితుల పుస్తకంలోనూ వైశాల్యాన్ని క్షేత్రఫలం అంటారు. అంటే పొలం ఇచ్చే పంట అన్నమాట. తెలుగులో మొదటి గణిత గ్రంథంగా చెప్పుకునే సారసంగ్రహ గణితం పావులూరి మల్లన రాసింది. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన పుస్తకాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలు, తెలుగు ఒకే పీరియడ్‌లో జరిగిన రోజులవి. అందుకని ఈసారి నాకూ కొంచెం చోటివ్వండి.

అసలు ఈ పాఠం రాయడానికి కారణం ఏడో తరగతి అమ్మాయి ఒకతి నా దగ్గరికి తెచ్చిన కాగితం. వాళ్ల నాన్నగారిది ఇక్కడ రైల్వేలో ఉద్యోగం, సొంతూరు విజయనగరం వైపు. రిటైరయ్యాక ఇల్లు కట్టుకోవడానికి ఊళ్లో స్థలం చూస్తున్నారు. సెలవు దొరక్క వాళ్ల మావయ్యను వెళ్లి చూడమన్నారు. ఆయన టేపు పట్టి కొలిచి నాలుగు పక్కల కొలతలూ ఫోన్లో పంపాడు. వరసగా చుట్టూ తిరిగి వస్తే 60 అడుగులు, 25, 52, 39. అమ్మేవాళ్లు కట్టిన లెక్క కూడా ఆ పక్కనే ఉంది. ఎదురెదురుగా ఉన్న 60, 52 కూడి సగం చేస్తే 56. మిగిలిన 25, 39 కూడి సగం చేస్తే 32. 56ను 32తో గుణిస్తే 1,792 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 199 గజాలు. ధర గజానికింత అని చెప్పారు.

"మేడమ్, ఈ లెక్క కరెక్టేనా? నాన్నగారు నన్ను చూడమన్నారు" అంది ఆ పిల్ల.

గుణకారంలో తప్పేమీ లేదు. ఈ పద్ధతి మన పల్లెల్లో చాలా పాతది. మన పల్లెల్లోనే కాదు, చాలా దేశాల్లో పన్ను లెక్కలకు ఇదే వాడేవారు. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని చెబుతూనే ఇది స్థూలం అన్నాడు, అంటే ఉజ్జాయింపు. సూక్ష్మమైన లెక్క వేరే ఇచ్చాడు. జనం మాత్రం సులువైనదాన్ని పట్టుకుని, స్థూలం అన్న మాట వదిలేశారు.

ఆ అమ్మాయికి జవాబు చెప్పే ముందు రెండు చీపురు పుల్లలు తెమ్మన్నాను. మీరూ తెచ్చుకోండి. పది సెంటీమీటర్ల చొప్పున నాలుగు ముక్కలు తుంచండి. సైకిల్ వాల్వ్ ట్యూబును చిన్న ముక్కలు చేసి, ఒక్కో మూల దగ్గర రెండు పుల్లల కొసలనూ ఒక్కో ముక్కలోకి దూర్చండి. చదరపు చట్రం తయారవుతుంది. దాని వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు రెండు ఎదురు మూలలు పట్టుకుని మెల్లగా నొక్కండి. చట్రం పక్కకి వాలుతుంది. ఎత్తు 5 సెంటీమీటర్లకు దిగిన చోట ఆపి లెక్క కట్టండి. వైశాల్యం 50. ఇంకా నొక్కితే నాలుగు పుల్లలూ ఒకదానిమీద ఒకటి పడుకుంటాయి. వైశాల్యం సున్నా. ఇంత జరిగినా పుల్లలు పొట్టివి కాలేదు. పక్కలు 10, 10, 10, 10 గానే ఉన్నాయి. సగాలు చేసి గుణించే పద్ధతిని అడగండి, పడుకున్న చట్రానికి కూడా 100 అనే చెబుతుంది.

ఇప్పుడు ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐదో పుల్ల కట్టండి. నొక్కి చూడండి. కదలదు. ఎందుకంటే చతుర్భుజం రెండు త్రిభుజాలయింది, త్రిభుజం మూడు పక్కలూ తెలిస్తే దాని ఆకారం ఒక్కటే. దాన్ని వాల్చడం ఎవరి తరమూ కాదు. రైలు వంతెనల ఇనుప కమ్ముల్లో అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా?

ఆ ఐదో పుల్ల పేరు కర్ణం. కర్ణం అంటే చెవి. ఈ చెవి నుంచి ఆ చెవికి గీత గీసినట్టు ఉంటుంది. హిందీలో దీన్ని వికర్ణ్ అంటారు, లంబకోణ త్రిభుజంలోని పొడవైన పక్కను మాత్రం కర్ణ్ అంటారు. తెలుగులో రెంటికీ కర్ణమే వాడుక. ఊళ్లలో భూమి లెక్కలు రాసే కరణం మాట వేరు. కరణాల పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో 1984లో తీసేశారు. కరణం పోయినా స్థలానికి కర్ణం కొలవక తప్పదు.

భాస్కరాచార్యుడు 1150లో లీలావతి రాశాడు. అందులో ఆయనకు ఈ విషయం మీద కోపం వచ్చింది. కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు పక్కలు మాత్రమే ఇచ్చి చతుర్భుజం వైశాల్యం అడిగేవాడు పిశాచం అన్నాడు. దానికి జవాబు చెప్పేవాడు అంతకంటే పెద్ద పిశాచం అట! లెక్కల పుస్తకంలో ఇంత ఘాటైన తిట్టు ఇంకెక్కడా నేను చూడలేదు. మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల సారుకి ఇది చెబితే, క్వశ్చన్ పేపర్ తయారు చేసేటప్పుడు గుర్తుంచుకుంటానన్నారు.

ఇక ఆ స్థలం సంగతి. మూలలకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెడదాం. కఖ 60 అడుగులు, ఖగ 25, గఘ 52, ఘక 39. కగ కర్ణం ఎంతో మావయ్య పంపలేదు. అది 65 అడుగులైతే వైశాల్యం 1,764 చదరపు అడుగులు. 45 అయితే 1,362 మాత్రమే. రెండింటికీ తేడా 402 చదరపు అడుగులు. మధ్యతరగతి ఇంట్లో రెండు గదులూ వంటిల్లూ అందులో పట్టేస్తాయి.

ఇంకో తమాషా ఉంది. 65 దగ్గర వచ్చిన 1,764 ఆ నాలుగు పక్కలతో రాగల అతి పెద్ద వైశాల్యం. చట్రాన్ని ఎటు తోసినా అది దాటదు. అంటే, 60, 25, 52, 39 పక్కలతో 1,792 చదరపు అడుగుల స్థలం ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. లేని స్థలానికి ధర కట్టారన్నమాట. అలాగని అమ్మేవాళ్లు మోసగాళ్లని నేననను. వాళ్ల తాతలు కట్టిన లెక్కే వాళ్లూ కట్టి ఉంటారు. కానీ ఈ పద్ధతి ఎప్పుడూ ఒకవైపే తప్పుతుంది. దీర్ఘచతురస్రమైతే సరిగ్గా చెబుతుంది, మరే ఆకారమైనా ఎక్కువే చెబుతుంది. అమ్మేవాళ్లకు లాభం, కొనేవాళ్లకు నష్టం.

ఎందుకలా అని తొమ్మిదో తరగతి వాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతాను, చిన్నవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఒక మూల దగ్గర కలిసే రెండు పక్కలతో ఏర్పడే త్రిభుజం వైశాల్యం ఆ రెండు పక్కల లబ్ధంలో సగాన్ని మించదు. ఆ మూల లంబకోణం అయితేనే సగం ఉంటుంది, లేకపోతే ఇంకా తక్కువ. మన స్థలంలో నాలుగు మూలలకూ ఆ సగాలు వరసగా ఇవి: ఖ దగ్గర 750, గ దగ్గర 650, ఘ దగ్గర 1,014, క దగ్గర 1,170. మొత్తం 3,584. ఈ నాలుగు మూల త్రిభుజాలూ కలిస్తే స్థలం రెండుసార్లు కప్పబడుతుంది. ఎందుకంటే ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు, రెండో కర్ణం గీస్తే మిగతా రెండు. కాబట్టి స్థలం 3,584లో సగాన్ని మించదు. ఆ సగం ఎంత? 1,792. పాత పద్ధతి చెప్పేది వైశాల్యం కాదు, వైశాల్యం దాటలేని గీత. నాలుగు మూలలూ లంబకోణాలైతే తప్ప ఆ గీతను తాకదు.

ఆ అమ్మాయి ఇంటికెళ్లి ఫోన్ చేయించింది. ఈసారి వాళ్ల తాతగారే వెళ్లి, మావయ్యను ఒక మూల నిలబెట్టి తాడు లాగి కొలిచారు. కర్ణం 52 అడుగులు.

మరునాడు లంచ్ పీరియడ్‌లో కూర్చుని గీశాం. స్కేలు 1 సెంటీమీటరుకు 5 అడుగులు. ముందు కర్ణం, 10.4 సెంటీమీటర్లు. క దగ్గర కంపాస్ ముల్లు పెట్టి 12 సెంటీమీటర్లతో ఒక చాపం, గ దగ్గర నుంచి 5 సెంటీమీటర్లతో ఇంకో చాపం. రెండూ కలిసిన చోట ఖ. కర్ణానికి అవతలి వైపు అలాగే 7.8తో, 10.4తో చాపాలు గీస్తే ఘ దొరికింది. ఏడో తరగతిలో మీరు నేర్చుకునే త్రిభుజ నిర్మాణమే, కొత్తదేమీ కాదు. తర్వాత మూలమట్టం ఆనించి ఖ నుంచి కర్ణానికి లంబం కొలిస్తే 5 సెంటీమీటర్లు, అంటే 25 అడుగులు. ఘ నుంచి 7.2 సెంటీమీటర్లు, అంటే 36 అడుగులు. కర్ణంలో సగాన్ని ఆ రెండు లంబాల మొత్తంతో గుణించాలి. 26ను 61తో గుణిస్తే 1,586.

నమ్మకం కుదరక అదే బొమ్మను గ్రాఫ్ కాగితం మీద కూడా గీసి సెంటీమీటరు గడులు లెక్కపెట్టింది. సగానికి మించి నిండినవి ఒకటి, సగం కంటే తక్కువవి సున్నా, సరిగ్గా సగం ఉన్నవి అర. మొత్తం 63న్నర గడులు. ఇక్కడే చాలామంది జారిపడతారు. స్కేలు ఒక సెంటీమీటరుకు 5 అడుగులు కదా అని 63న్నరను 5తో గుణిస్తారు. గడికి పొడవూ 5 అడుగులే, వెడల్పూ 5 అడుగులే. కాబట్టి ఒక్కో గడి 25 చదరపు అడుగులు. అప్పుడు 1,587న్నర వస్తుంది. రెండు దారుల్లో వెళ్తే రెండు జవాబులూ ఒకటిన్నర చదరపు అడుగుల తేడాలో నిలిచాయి.

1,586 చదరపు అడుగులు అంటే 176 గజాలు. కాగితం మీద 199. ఇరవై మూడు గజాలు లేవు. తర్వాత బేరం ఎలా తెగిందో ఆ పిల్ల చెప్పలేదు, నేనూ అడగలేదు. అది పెద్దవాళ్ల సంగతి. కానీ వాళ్ల నాన్నగారు కొలతల కాగితం మీద ఐదో అంకె రాసుకుని ఊరికి బయల్దేరారని మాత్రం తెలుసు.

మీరు బయట నేల మీద కొలవాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. టేపు సున్నా ఎక్కడుందో ముందు చూసుకోండి. కొన్ని టేపులకు ఇనుప రింగు అంచు నుంచే సున్నా మొదలవుతుంది, కొన్నిటికి కొంచెం లోపల నుంచి. టేపు మధ్యలో వేలాడితే కొలత ఎక్కువ వస్తుంది, గట్టిగా లాగాలి. గడ్డి దుబ్బుల మీదుగా, రాళ్ల మీదుగా పాకించినా అంతే. పొడవైన గీత కొలిచేటప్పుడు ఒకడు వెనక నిలబడి ముందువాణ్ని కంటితో సూటిగా నడిపించాలి. లేకపోతే వంకరగా పోతారు. వంకరగా పోయిన ప్రతి అడుగూ పొడవులో కలుస్తుంది.

నేల మీద లంబం ఎలా? మూలమట్టం అంత పెద్దది ఉండదు. ఒక తాడు తీసుకుని సమాన దూరాల్లో ముడులు వేసి పన్నెండు భాగాలు చేయండి, కొసలు కలపండి. మూడు భాగాలు ఒక పక్క, నాలుగు ఒక పక్క, ఐదు ఒక పక్క వచ్చేలా ముగ్గురు పట్టుకుని లాగితే మూడు, నాలుగు కలిసే చోట లంబకోణం వస్తుంది. మేస్త్రీలు పునాది వేసేటప్పుడు ఇదే చేస్తారు. కావాలంటే ఇల్లు కడుతున్న చోట నిలబడి చూడండి. మూల మట్టం చూడటం అంటారు.

పక్కలే లేని ఆకారాలైతే? ఈ ఊళ్లో అలాంటివి కావలసినన్ని. బెంగాల్‌లో వీధికో పుకుర్ ఉంటుంది. చెరువు మధ్యలో టేపు పట్టుకుని నడవలేం కదా. అందుకని దాని చుట్టూ తాళ్లతో దీర్ఘచతురస్రం కట్టాలి. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు అనుకోండి, నీటి కొసలు రెండు చివర్లా తాడును తాకుతున్నాయి. పై తాడు మీద ప్రతి 5 మీటర్లకూ నిలబడి నీటి అంచు ఎంత దూరమో లంబంగా కొలవాలి. 6, 3, 2, 2, 5 వచ్చాయి. కింది తాడు నుంచి 5, 3, 2, 3, 5. ఆయా చోట్ల నీటి వెడల్పు 20లోంచి ఈ రెండూ తీసేస్తే 9, 14, 16, 15, 10. రెండు చివర్లా సున్నా. ఈ వెడల్పుల మొత్తం 64. దాన్ని 5తో గుణిస్తే 320 చదరపు మీటర్లు. చెరువును 5 మీటర్ల పట్టీలుగా కోశామనుకోండి. ప్రతి పట్టీకీ అటూ ఇటూ ఉన్న వెడల్పుల సగటు తీసుకుంటాం. అలా ఒక్కో వెడల్పూ ఎడమ పట్టీలో సగం, కుడి పట్టీలో సగం చొప్పున వచ్చి మొత్తం ఒక్కసారి లెక్కలోకి వస్తుంది. 5 మీటర్లకు బదులు 2 మీటర్ల పట్టీలైతే జవాబు ఇంకా దగ్గరగా వస్తుంది, పని పెరుగుతుంది. ఇంకో మాట, పెద్దవాళ్లు తోడు లేకుండా చెరువు గట్టుకు వెళ్లడానికి ఈ పాఠాన్ని సాకుగా చూపిస్తే ఊరుకోను.

ఊరిని, జిల్లాను, దేశాన్ని కొలిచిందీ ఈ త్రిభుజాలతోనే. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల సరళరేఖను ఎంతో జాగ్రత్తగా కొలిచాడు. ఆ ఒక్క పక్కే నేల మీద కొలిచింది. అక్కడి నుంచి కోణాలు మాత్రం చూసుకుంటూ త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ పోయారు. ఒక పక్క, రెండు కోణాలు తెలిస్తే మిగతా పక్కలు లెక్కలో వచ్చేస్తాయి. 1831, 32ల్లో జార్జ్ ఎవరెస్ట్ కలకత్తాలో బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు వెంబడి ఇలాంటిదే ఇంకో ఆధార రేఖ కొలిపించాడు. దాని కోసం కట్టిన బురుజులు బీటీ రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నాయి. కోల్‌కతా వెళ్లినప్పుడు నాన్నగారిని అడిగి చూడండి. ఇంత దూరం ఎందుకు, ఆంధ్రలో మీ ఊరి సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీ పటం తీయించి చూస్తే పొలం లోపల త్రిభుజాల గీతలు, వాటి నుంచి గట్ల మూలలకు లంబాల కొలతలు కనిపిస్తాయి. మనం చెరువు దగ్గర చేసిన పనే అది.

ఇప్పుడు మనలాంటి బదిలీ కుటుంబాల అసలు తలనొప్పి దగ్గరికొద్దాం. వైశాల్యం తెలిసింది సరే, ఏ భాషలో చెప్పాలి? నాకిది ఐదో ఊరు. నాగ్‌పూర్‌లో గుంఠా అన్నారు, గువాహటిలో కాఠా అన్నారు, ఇక్కడా కాఠా అంటున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ సెంట్లలో మాట్లాడుతుంది, హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య గజాల్లో. అన్నీ నేలే, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు.

దీనికి తాళంచెవి మీ క్రికెట్ పిచ్‌లో ఉంది. వికెట్‌కీ వికెట్‌కీ దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ గుంటర్ 1620లో తయారు చేసిన సర్వే గొలుసు పొడవు సరిగ్గా ఇంతే. అందులో నూరు లింకులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరాలు పది కలిస్తే ఎకరం, అంటే 43,560 చదరపు అడుగులు. ఎకరంలో నూరో వంతు సెంటు, 435.6 చదరపు అడుగులు. ఇక్కడి జనం శతక్ అనీ డెసిమల్ అనీ అనేది ఈ సెంటునే. గోల్ బజార్‌లో తెలుగులో బేరమాడినట్టే, భూమి విషయంలోనూ ఇక్కడివాళ్లతో మనకు ఒక మాట కలుస్తుంది. అది శతక్, సెంటు.

అర గొలుసు చదరం, అంటే 33 అడుగులకు 33 అడుగులు, 1,089 చదరపు అడుగులు. తెలంగాణలో గుంట, మహారాష్ట్రలో గుంఠా అదే. నలభై గుంటలు ఒక ఎకరం. బెంగాల్ కాఠా 720 చదరపు అడుగులు, ఇరవై కాఠాలు ఒక బిఘా. మూడు కాఠాలంటే 2,160, దాదాపు ఐదు సెంట్లు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, నోటిలెక్కలో పని జరిగిపోతుంది. అస్సాంలో మాత్రం ఐదు కాఠాలకే బిఘా నిండుతుంది, ఎందుకంటే అక్కడి కాఠా 2,880 చదరపు అడుగులు, ఇక్కడిదానికి నాలుగు రెట్లు. పేరు ఒకటే కదా అని గువాహటి లెక్క ఖరగ్‌పూర్‌లో చెబితే కొంప మునుగుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు అంకణం ఉంది. ఇంట్లో రెండు దూలాల మధ్య చోటును అంకణం అంటారు, ఆ మాటే స్థలం కొలతకూ వచ్చింది. ఊరు మారితే అంకణం కొలతా మారుతుంది కాబట్టి, ఎన్ని అంకణాలు అని వినగానే ఎన్ని అడుగుల అంకణం అని అడగాలి. ఇంకా వెనక్కి వెళితే మన శాసనాల్లో పుట్టెడు భూమి, తూమెడు భూమి అని ఉంటుంది. పుట్టి, తూము ధాన్యం కొలతలు. ధాన్యం కొలిచే మాటతోనే నేలనూ కొలిచారు. అందరికీ ఒకేలా అర్థమయ్యేది చదరపు మీటరు. ఒక సెంటు 40.47 చదరపు మీటర్లు, ఒక హెక్టారు 2.47 ఎకరాలు.

మరీ పెద్ద వైశాల్యాలు చెప్పినప్పుడు అంకె బుర్రకెక్కదు. మన ఐఐటీ ప్రాంగణం 2,100 ఎకరాలు అంటే ఎంత అని అడిగితే చేతులు చాపి చూపిస్తారు. అలాంటప్పుడు దాన్ని చదరంగా మార్చుకోండి. 2,100 ఎకరాలు దాదాపు 85 లక్షల చదరపు మీటర్లు. వర్గమూలం తీస్తే 2,915 మీటర్లు. అంటే పక్కకు సుమారు 2.9 కిలోమీటర్లున్న చదరం. ఒక్క పక్క నడవడానికే అరగంటకు పైన పడుతుంది. ఇప్పుడు కళ్లకు కట్టింది కదా.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు చేయాల్సిన పని ఒకటి చెబుతాను. తాతగారి పెరడో, కళ్లమో, ఏదో ఒక నాలుగు మూలల చోటు చూసుకోండి. నాలుగు పక్కలు, ఒక కర్ణం కొలిచి పుస్తకంలో రాసుకోండి. వీలైతే రెండో కర్ణం కూడా కొలవండి. బొమ్మ గీశాక ఆ రెండో కర్ణం స్కేలు ప్రకారం సరిపోతే మీ టేపు పని బాగున్నట్టు. సరిపోకపోతే మళ్లీ వెళ్లి కొలవండి, ఎక్కడో టేపు వేలాడింది. జవాబును సెంట్లలోనూ కాఠాల్లోనూ రాయండి. ఎంతుంటుందని తాతగారు కొలవకముందు అంచనా వేశారో అదీ పక్కనే రాయండి. చాలామంది తాతల అంచనా టేపుకు దగ్గరగానే ఉంటుంది, చూస్తారుగా.

ఊరు వెళ్లని వాళ్లకు ఒక ప్రశ్న. నాలుగు మూలల స్థలానికి ఒక కర్ణం కావాల్సి వచ్చింది. ఐదు మూలల స్థలానికి ఎన్ని కావాలి? ఆరు మూలలకు? చీపురు పుల్లలతో చట్రం కట్టి, అది కదలడం మానేసేదాకా పుల్లలు కలుపుతూ పొండి. జవాబుతో పాటు చట్రం కూడా స్టాఫ్‌రూమ్‌కు తేవాలి. ఉత్త అంకె చెబితే తీసుకోను.